గళ్ళ గుడ్డకు గిరాకీ

చంద్రుడి మీద మొదట కాలు పెట్టింది ఎవరని అడిగితే బడికి పోయే ప్రతి పిల్లా టక్కున చెబుతుంది. నాలుగోవాడు ఎవరంటే మాత్రం పెద్దవాళ్ళు కూడా నీళ్ళు నములుతారు. ఆయన పేరు అలన్ బీన్. 1969 నవంబరులో అపోలో 12 లో పోయాడు. పోతూ పోతూ తన సామానులో ఒక గళ్ళ ఉన్ని గుడ్డ ముక్క పెట్టుకున్నాడు. వాళ్ళ పూర్వీకులు స్కాట్లండులో మెక్‌బీన్ వంశంవాళ్ళు. అక్కడ వంశానికో గళ్ళ నమూనా ఉంటుంది. ఆ నేతను టార్టన్ అంటారు.

ఈ ముచ్చట మా మనవరాలికి చెబుతూ ఫోన్లో ఆ గుడ్డ బొమ్మ చూపించాను. అది ఒక్క క్షణం చూసి, "తాతా, ఇది నీ లుంగీయే గదా!" అంది.

నవ్వొచ్చింది గాని, పిల్ల అన్నదాంట్లో తప్పేం లేదు. స్కాట్లండు టార్టన్ ఉన్నిది, నా లుంగీ నూలుది. నేతలో చిన్న తేడా ఉంది. గళ్ళు పడే లెక్క మాత్రం రెంటికీ ఒకటే. ఆ లెక్క తెలిస్తే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. గళ్ళ గుడ్డకు ఒక్కసారిగా గిరాకీ పెరిగినప్పుడు నేతగాడి ఇంట్లో మొదట ఊపిరి సలపని పని మగ్గం మీద ఉండదు, మగ్గం వెనకాల ఉంటుంది. ఇవాళ ఆ కబుర్లే చెప్పుకుందాం.

మగ్గం మీద పొడవునా బిగించిన పోగులు పడుగు. నాడెతో అడ్డంగా వేసేవి పేక. పడుగులో కొన్ని ఎర్ర పోగులు, కొన్ని తెల్ల పోగులు వరసగా పెట్టుకుని, పేక కూడా అదే వరసలో వేసుకుంటూ పోతే గళ్ళు వాటంతటవే పడతాయి. పువ్వు వేయాలన్నా నెమలి వేయాలన్నా ఏ పోగు ఎప్పుడు లేవాలో మగ్గానికి చెప్పే ఏర్పాటు కావాలి. ఫ్రాన్సులో జకార్డు అనే ఆయన 1804లో చిల్లుల అట్టలతో చేసిన ఏర్పాటు అందుకే. గళ్ళకు అదేమీ అక్కర్లేదు. మామూలు గుంట మగ్గం చాలు. నమూనా అంతా పోగుల వరసలోనే ఉంటుంది. మార్టిన్ మార్టిన్ అనే స్కాట్లండు ఆయన 1703లో తమ పడమటి దీవుల గురించి అచ్చువేసిన పుస్తకంలో ఈ సంగతి రాశాడు. అక్కడి ఆడవాళ్ళు ఏ రంగు పోగులు ఎన్నెన్ని రావాలో ఒక కర్ర మీద గుర్తు పెట్టుకుని, ఆ కర్ర చూసి గళ్ళు నేసేవారట. అంత పెద్ద గుడ్డ నమూనా ఓ జానెడు కర్ర మీద ఇమిడిపోయిందన్నమాట.

"బిడ్డా, రెండు రంగుల నూలుతో నేస్తే గుడ్డలో ఎన్ని రంగులు కనబడతాయి?" అని అడిగాను.

"రెండు."

"సరిగ్గా చూడు."

చూసింది. ఎర్ర పడుగు మీద ఎర్ర పేక పడ్డచోట నిండు ఎరుపు. తెల్ల మీద తెల్ల పడ్డచోట తెలుపు. ఎరుపూ తెలుపూ కలిసినచోట గులాబి. మూడు! గులాబి రంగు అద్దకం తొట్టిలో ఎవరూ వేయలేదు. మూడు రంగులతో మొదలుపెడితే నిండువి మూడు, జతలు మూడు, మొత్తం ఆరు. నాలుగుకు పది. ఐదుకు పదిహేను. ఆరు రంగుల నూలుంటే ఇరవై ఒకటి. రంగుల సంఖ్యను దానికంటే ఒకటి ఎక్కువతో గుణించి సగం చేస్తే జవాబు వచ్చేస్తుంది. అద్దకంవాడికి ఆరు తొట్ల ఖర్చే. కొనేవాడి కంటికి ఇరవై ఒక్క రంగులు. బీద దేశాల్లోనూ చలి కొండల్లోనూ గళ్ళే ఎందుకు పుట్టాయో ఈ ఒక్క లెక్కలోనే తెలిసిపోతుంది.

అసలు రంగే వేయకుండా కూడా గళ్ళు నేయొచ్చు. స్కాట్లండులో ఫాల్కర్క్ ఊరి దగ్గర 1933లో ఒక కుండ దొరికింది. దాన్నిండా రోమన్ వెండి నాణేలు, మూతిలో కుక్కిన ఉన్ని గుడ్డ ముక్క. క్రీస్తు తర్వాత మూడో శతాబ్దం నాటిది. ముదురు రంగు గొర్రె బొచ్చు, లేత రంగు గొర్రె బొచ్చు కలిపి నేసిన గళ్ళు. అద్దకం ఖర్చు సున్న.

లెక్కను ఇంకొంచెం ముందుకు లాగుదాం. పడుగులో సగం ఎరుపు, సగం తెలుపు, పేకలోనూ అంతే. అప్పుడు గుడ్డలో నాలుగో వంతు నిండు ఎరుపు, నాలుగో వంతు తెలుపు, సగం గులాబి. ఒకటి, రెండు, ఒకటి. జీవశాస్త్రం చదువుకున్న పిల్లలు ఇక్కడ ఉలిక్కిపడాలి. మెండెల్‌కు బఠాణీ మొక్కల్లో కనబడ్డ నిష్పత్తి ఇదే గదా! ఎరుపును ముప్పాతికకు పెంచితే పదహారింట తొమ్మిది వంతులు ఎరుపు, ఆరు వంతులు గులాబి, ఒక్క వంతు తెలుపు. జనాభాలో జన్యువులు ఎలా పంపిణీ అవుతాయో చెప్పే హార్డీ–వైన్‌బర్గ్ సూత్రం 1908 నాటిది, దాని లెక్క కూడా అక్షరాలా ఇదే. ఈ హార్డీ ఎవరో కాదు, మన రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించిన హార్డీయే. తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి వచ్చి కలవడానికీ, పడుగు నుంచి ఒకటి, పేక నుంచి ఒకటి వచ్చి కలవడానికీ గణితానికి తేడా తెలియదు.

మరి గులాబి ఎలా వచ్చింది? పోగులేమీ రంగు మార్చుకోలేదు. మారింది మన కంటి లెక్క. ఆరోగ్యంగా ఉన్న కన్ను ఒక మీటరు దూరంలో మిల్లీమీటరులో పదింట మూడు వంతుల కంటే చిన్న వివరాన్ని విడదీసి చూడలేదు. అంగుళానికి అరవై పోగులున్న లుంగీలో ఎరుపూ తెలుపూ ఒక జత కలిసి ముప్పాతిక మిల్లీమీటరు పైచిలుకు చోటు తీసుకుంటాయి. కాబట్టి చేతిలో పట్టుకుంటే పోగులు విడివిడిగా కనబడతాయి. మూడు గజాలు వెనక్కి జరిగితే కలిసిపోయి గులాబి అయిపోతాయి. బజారులో దూరం నుంచి బాగుందనుకుని దగ్గరికి పోతే వేరుగా అనిపించే గళ్ళ గుడ్డ రహస్యం ఇది.

దీని మీద పాత కథ ఒకటి ఉంది. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకానికి పెద్దగా 1824లో షెవ్రేల్ అనే రసాయన శాస్త్రవేత్త కుదిరాడు. నల్ల పోగులు సరిగా నల్లగా లేవని ఆయనకు ఫిర్యాదులు. ఆయన పరీక్ష చేసి చూస్తే నలుపులో లోపమేమీ లేదు. పక్కన ఉన్న నీలం, ఊదా రంగుల వల్ల ఆ నలుపు వెలిసినట్టు కనబడుతోంది. ఏ రంగూ కంటికి ఒంటరిగా కనబడదు, పక్కదాన్ని బట్టే కనబడుతుందని 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. ఆయన నూట రెండేళ్ళు బతికాడు. నాలాంటివాళ్ళకు అదో ధైర్యం.

ఇప్పుడు లుంగీకీ టార్టన్‌కూ తేడా చెబుతాను. లుంగీది సాదా నేత: పేక పోగు ఒక పడుగు పోగు మీదుగా, తర్వాతిదాని కిందుగా పోతుంది. టార్టన్‌లో రెండింటి మీదుగా పోయి రెండింటి కిందుగా దూరుతుంది. పై వరసలో ఒక పోగు పక్కకు జరుగుతుంది. అందుకే దాంట్లో ఐమూల గీతలు కనబడతాయి. దాన్ని ట్విల్ నేత అంటారు. మీ జీన్స్ ప్యాంటు కూడా ఆ కుటుంబమే. పోగు వంగి దూరే చోట్లు సగానికి తగ్గుతాయి కాబట్టి పోగుల్ని ఇంకా దగ్గరగా బిగించొచ్చు. గుడ్డ మందంగా ఉంటుంది, అయినా మెత్తగా వాలుతుంది, గాలిని ఆపుతుంది. వాళ్ళకు కావలసింది అది. మే నెలలో మా డోర్నకల్ ప్లాట్‌ఫాం మీద నిలబడినవాడికి గాలిని ఆపే గుడ్డ ఇచ్చి చూడండి, ఏమంటాడో!

ఇక గిరాకీ సంగతి. 1745లో స్కాట్లండు కొండ జనం బ్రిటన్ రాజు మీద తిరగబడి, మరుసటేడు ఓడిపోయారు. వెంటనే 1746లో చట్టం వచ్చింది: మగవాళ్ళు కొండ జనం గళ్ళ వేషం వేయకూడదు. సైన్యంలో చేరినవాళ్ళకు మాత్రం మినహాయింపు. 1782లో ఆ చట్టం రద్దయ్యేదాకా ముప్పై ఆరేళ్ళు. బానక్‌బర్న్ ఊళ్ళో విల్సన్ల నేతశాల తమాషా చూడండి, ఆ నిషేధం నడుస్తున్న రోజుల్లోనే, 1765 ప్రాంతంలో మొదలైంది. సైన్యానికి నేస్తూ బతికింది. 1819 నాటికి వాళ్ళ నమూనాల పుస్తకంలో రెండు వందలకు పైగా గళ్ళున్నాయి. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరోకు వస్తున్నాడు, అందరూ తమ వంశం టార్టన్ కట్టుకుని రావాలి అని రచయిత వాల్టర్ స్కాట్ ఊరంతా హడావిడి చేశాడు. వంశం గళ్ళేమిటో ఎంతమందికి తెలుసు? విల్సన్లకు ఉత్తరాలు కుప్పలు పడ్డాయి. అంతకు ముందు నంబర్లతో అమ్ముడైన కొన్ని నమూనాలకు వంశాల పేర్లు, ఊళ్ళ పేర్లు తగులుకున్నాయి. మగ్గాలు పెంచినా చాలలేదు. యుగయుగాల వంశ సంప్రదాయం అని ఇవాళ గొప్పగా చెప్పుకునేదాంట్లో చాలా భాగం ఆ ఒక్క గిరాకీలో పుట్టింది. 2009 నుంచి స్కాట్లండు ప్రభుత్వమే టార్టన్ల రిజిస్టరు నడుపుతోంది; కొత్త గళ్ళు కల్పించి ఎవరైనా అందులో నమోదు చేయించుకోవచ్చు.

మనకు అలాంటి గిరాకీ రాలేదా అంటే, వచ్చింది. మా స్టేషన్‌లో విజయవాడ వైపు పోయే బండి ఎక్కి, తెనాలి, బాపట్ల దాటితే చీరాల వస్తుంది. చీరాల, పేరాల మగ్గాల మీద ముప్పై ఆరు అంగుళాల చదరపు గళ్ళ రుమాళ్ళు తానులు తానులుగా నేసి మద్రాసు రేవు నుంచి ఓడలకెక్కించేవారు. వ్యాపారంలో దాని పేరు రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్. నేసింది మన సాలెలు, పేరు రేవుది. అది పోయిన చోటు పడమటి ఆఫ్రికా, కరీబియన్ దీవులు. సెయింట్ లూసియా, డొమినికా దీవుల్లో ఆ మద్రాసు గళ్ళు జాతీయ దుస్తుల్లోనే కలిసిపోయాయి.

నైజీరియాలో నైజర్ నది మొగ దగ్గర ఉండే కలబారీ జనం చేసిన పని వింటే మీరు ముక్కున వేలేసుకుంటారు. వాళ్ళు మన గళ్ళ గుడ్డను ఇంజిరి అంటారు. పసిబిడ్డ పుట్టినప్పుడూ కావాలి, మనిషి పోయినప్పుడూ కావాలి. వాళ్ళ ఆడవాళ్ళు ఆ గుడ్డ కొని, చిన్న కత్తితోనో బ్లేడుతోనో ఎంచి ఎంచి కొన్ని తెల్ల పోగుల్ని కోసి లాగేస్తారు. మిగిలిన పోగులు కలిసి గుడ్డలో కొత్త నమూనా తేలుతుంది. దాన్ని పెలెతె బితె, అంటే పోగులు కోసిన గుడ్డ అంటారు. ఇక్కడ ఒకరు పోగులు కలిపి బొమ్మ వేస్తే అక్కడ ఒకరు పోగులు తీసేసి బొమ్మ వేశారు. సాదా నేత కాబట్టే అది కుదిరింది. పడుగూ పేకా రెండూ విడివిడిగా లాగడానికి వీలుగా ఉండాలి, లాగినా మిగతావి జారిపోకూడదు. అచ్చు వేసిన గళ్ళతో ఆ పని జరగదు.

1967లో నైజీరియాలో అంతర్యుద్ధం మొదలైంది. ఆ తర్వాత విదేశీ బట్టల దిగుమతి మీద ఆంక్షలు వచ్చాయి. ఎక్కడో సముద్రాల అవతల ఒక సర్కారు సంతకం పెడితే చీరాలలో మగ్గం ఆగింది.

అమెరికా గిరాకీది ఇంకో కథ. 1958లో అమెరికా నుంచి ఒక దిగుమతిదారు మన దేశానికి వచ్చి పదివేల గజాల గళ్ళ గుడ్డ కొన్నాడట. చన్నీళ్ళలో మెల్లగా ఉతకాలి, రంగు దిగుతుంది అని ఇక్కడివాళ్ళు చెప్పిన మాట అక్కడ బ్రూక్స్ బ్రదర్స్ కొట్టుకు చేరలేదట. కొన్నవాళ్ళు చొక్కాలు యంత్రాల్లో పడేసి ఉతికారు, ఒక గడి రంగు ఇంకో గడిలోకి పాకింది. గొడవ. ఆ గొడవను అదృష్టంగా మార్చింది ఒక ప్రకటన: ఇది రంగు దిగే మద్రాసు, ప్రతి ఉతుక్కీ కొత్త గుడ్డ అవుతుంది, రంగు దిగకపోతే అసలు సరుకు కాదు! బట్టల వ్యాపారంలో ఈ కథను కొంచెం ఉప్పూకారం వేసే చెబుతారు గాని, రంగు దిగే మద్రాసు చొక్కాలకు అమెరికా కాలేజీ కుర్రాళ్ళలో 1960లలో వెర్రి గిరాకీ ఉన్నది మాత్రం నిజం.

రంగు ఎందుకు దిగుతుంది? నూలు అంటే సెల్యులోజ్. దానికి చాలా రంగులంటే పెద్ద ఇష్టం ఉండదు. పైపైన అంటుకుంటాయి, నీళ్ళు తగలగానే వెళ్ళిపోతాయి. పట్టి ఉంచడానికి మధ్యలో ఒక లోహం కావాలి. పటిక అందుకే వేస్తారు. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో పోగునూ ఇంకో చేత్తో రంగునూ పట్టుకుని, పెళ్ళిళ్ళ పేరయ్య పని చేస్తుంది. చీరాలలో పుట్టి నల్లగొండ వైపు పుట్టపాకకు చేరిన తేలియా రుమాలులో ఇంకో మెట్టు ఉంది. ఆముదపు కాయల తొక్కలు కాల్చిన బూడిద నీళ్ళు, నూనె కలిపి నూలును రోజుల తరబడి నానేసి, పిసికి, ఎండబెడతారు. బూడిదలోని క్షారం నూనెను సగం సబ్బులా మారుస్తుంది, అది పోగు లోపలిదాకా దూరి పటికకూ ఎర్ర రంగుకూ చోటు సిద్ధం చేస్తుంది. గుడ్డకు ఆ నూనె వాసన ఏళ్ళ తరబడి పోదు. తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

రంగును నూలుతో గట్టి రసాయన బంధంతో కట్టిపడేసే రియాక్టివ్ రంగులను ఇంగ్లండులో రాటీ, స్టీఫెన్ అనే ఇద్దరు 1954లో కనిపెట్టారు. 1956కల్లా బజారులోకి వచ్చాయి. అంటే ఈ గట్టి రంగులు బజారుకు వచ్చిన రెండేళ్ళకు రంగు దిగే గుడ్డకు గిరాకీ పుట్టింది! బజారు మనసు శాస్త్రానికి అందదు.

సరే, మొదట చెప్పిన మాటకు వద్దాం. ఆర్డర్లు రెట్టింపయ్యాయి అనుకోండి. నేతగాడు ఏం చేయాలి? మగ్గం తొందరగా ఆడించాలి అంటారు. అదే 1733లో ఇంగ్లండులో జాన్ కే అనుకున్నాడు. తాడు లాగితే నాడె తానే పరిగెత్తే ఏర్పాటు చేశాడు. నేత వేగం రెట్టింపైంది. అయితే అప్పటికే ఒక నేతగాడికి నూలు అందించడానికి నలుగురైదుగురు రాట్నం తిప్పాల్సి వచ్చేది. ఇప్పుడు నూలు కరువు. ముడి మగ్గం నుంచి రాట్నానికి జరిగింది. 1764 ప్రాంతంలో హార్‌గ్రీవ్స్, 1769లో ఆర్క్‌రైట్ వడికే యంత్రాలు తెచ్చి ఆ ముడి విప్పారు. ఈసారి నూలు గుట్టలు పడింది, మగ్గాలు చాలలేదు. 1785లో కార్ట్‌రైట్ పవర్‌లూమ్ తయారుచేశాడు. ఒకచోట ముడి విప్పితే ఇంకోచోట బిగుస్తుంది. ఇంజనీర్లకు ఇది రోజూ ఉండేదే.

గళ్ళ గుడ్డకు ఇంకో ముడి ఉంది. పేకలో రంగు మారిన ప్రతిసారీ నాడె మార్చాలి. చేత్తో మారుస్తూ కూర్చుంటే జాన్ కే ఇచ్చిన వేగమంతా వృథా. ఆయన కొడుకు రాబర్ట్ కే 1760లో డ్రాప్ బాక్స్ చేశాడు: మగ్గం ఒక పక్కన అరలు, అరకో నాడె, కావలసిన రంగు అర ఎదురుగా దిగుతుంది. గళ్ళ లుంగీ నేసే పవర్‌లూమ్‌లో ఇవాళ్టికీ ఉన్నది ఆ ఉపాయమే. దాంట్లో ఒక కిటుకుంది. అరలు ఒకే పక్కన ఉన్నాయి గదా. ఎర్ర నాడె అటు పోయిందంటే మళ్ళీ ఇటు తిరిగొస్తేనే తెల్ల నాడెకు వంతు. కాబట్టి ప్రతి రంగు పట్టీలోనూ పేక పోగులు సరిసంఖ్యలోనే ఉంటాయి. రెండు, నాలుగు, పన్నెండు... ఏడు మాత్రం రాదు.

పడుగు దగ్గరి పని ఇంకా కష్టం. అంగుళానికి అరవై పోగుల చొప్పున నలభై ఎనిమిది అంగుళాల పన్నాకు రెండు వేల ఎనిమిది వందల ఎనభై పోగులు. రంగుల వరస తప్పకుండా పరచాలి, గంజి పెట్టాలి, ఒక్కొక్కటీ దువ్వెనలాంటి పన్నెలోంచి తీయాలి. పేకలో తప్పు పడితే నాలుగు పోగులు వెనక్కి విప్పుకోవచ్చు. పడుగులో ఒక్క పోగు వరస తప్పితే ఆ తప్పు తాను ఈ కొస నుంచి ఆ కొసదాకా నడుస్తుంది. ఇదంతా ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళ చేతి పని. నేతగాడి కూలిలో దీనికి వేరే లెక్క కట్టరు. నాకు ఇది మొదటినుంచీ అన్యాయంగానే కనబడుతుంది.

తెల్లవారుజామున వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టడం చూసినవాళ్ళకు ఎండెక్కక ముందే ఎందుకా తొందర అనిపించి ఉంటుంది. నూలు తడి పీల్చుకుంటే బలం పెరుగుతుంది. తడి నూలు పొడి నూలు కంటే పదీ ఇరవై శాతం ఎక్కువ లాగుడు తట్టుకుంటుంది. గాలి పొడిబారితే పోగులు పుటుక్కున తెగుతాయి. మగ్గాన్ని గుంటలో పెట్టడంలోనూ ఆ చల్లదనం లాభమే ఉంది. మిల్లుల్లో అదే పనికి నీటి తుంపర యంత్రాలు పెడతారు.

ఈ మగ్గం వెనక ముడిని విప్పిన మనిషి మన జనగామకు దగ్గర్లోనే ఉన్నాడు. ఆలేరు పక్కన శారాజీపేట చింతకింది మల్లేశం. పోచంపల్లి రకం చిటికి చీరకు రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ పోయాలి. దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేయి దాదాపు తొమ్మిది వేల సార్లు ఆడాలి. ఆయన తల్లి లక్ష్మికి రోజూ ఆ పనే, భుజం పోయింది. బడి చదువు మధ్యలోనే ఆగిన మల్లేశం 1992లో మొదలుపెట్టి 1999కి ఆసు యంత్రం నడిపించాడు, తల్లి పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మగ్గం జోలికి పోకుండానే నేత ఉత్పత్తిని పెంచాడు ఆయన. జాన్ కే ఒక చోట చేసింది ఈయన ఇంకోచోట చేశాడు, అంతే తేడా. ఇంగ్లండు పేర్లు బట్టీపట్టే పిల్లలకు ఆలేరు పేరు కూడా పుస్తకంలో ఉండాలి.

మా స్టేషన్ నుంచి రెండో వైపు బండెక్కితే వరంగల్. కొత్తవాడ జంపఖానాలు అక్కడివి, 2018లో భౌగోళిక గుర్తింపు పొందాయి. వాటిలో చారలూ పెద్ద పెద్ద బొమ్మలూ ఉంటాయి గాని లుంగీ లాంటి గళ్ళు ఎందుకుండవు? జంపఖానాలో లావు పేకను దగ్గరగా కొట్టి పడుగును పూర్తిగా కప్పేస్తారు. పడుగు ఏ రంగైనా కంటికి కనబడదు. కలిసే రెండో రంగే లేనప్పుడు గులాబి ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే అక్కడ బొమ్మ కావాలంటే పేకనే మధ్యలో వెనక్కి తిప్పి, పక్క రంగుతో మెలివేయాలి. పని నిదానం, గుడ్డ తరాలు నిలుస్తుంది. అదే వరంగల్లో 1934లో నిజాం కాలాన పెట్టిన ఆజంజాహి మిల్లు మాత్రం నిలవలేదు.

మళ్ళీ గిరాకీ సంగతికి వస్తే, సిరిసిల్లలో వేల పవర్‌లూమ్‌లకు 2017లో ప్రభుత్వం నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చింది. ఏటా కోటికి దగ్గరగా చీరలు. రాత్రీ పగలూ మగ్గాల చప్పుడు. ప్రభుత్వం మారి 2024లో ఆర్డరు ఆగేసరికి చాలా మగ్గాలు మూగబోయాయి; తర్వాత మహిళా సంఘాల చీరల పని వచ్చింది. చీరాల రుమాలుకు నైజీరియా, సిరిసిల్ల చీరకు సర్కారు. కొనేవాడు ఒక్కడే ఉన్నచోట ఆ ఒక్కడి మనసు మారితే చాలు. విల్సన్లు సైన్యానికి నేసి నిషేధం కాలాన్ని దాటారు; తర్వాత రాజుగారి పండక్కీ, సముద్రం అవతలి బేరానికీ కూడా నేశారు కాబట్టే నిలబడ్డారు.

ఇక మీకు పని చెబుతాను. ఇంట్లో గళ్ళ లుంగీయో తువ్వాలో తీసుకుని, ఓ భూతద్దం పట్టుకోండి. అంచు వెంబడి పైకి పోతూ పేక పోగులు రంగు రంగుకూ లెక్కపెట్టండి. అన్నీ సరిసంఖ్యలే వస్తే అది ఒక పక్కన అరలున్న నాడె మగ్గం మీద పుట్టింది అనుకోవచ్చు. బేసి వస్తే అంచు చూడండి. పేక అంచు దగ్గర మలుపు తిరిగి లోపలికి రాకుండా కత్తిరించిన కుచ్చులా ఉంటే అది నాడె లేని కొత్త మగ్గం గుడ్డ. మలుపు ఉండీ బేసి ఉంటే నేసిన చెయ్యి ఓపిక గలది అయి ఉండొచ్చు. కొత్తది కొనేటప్పుడు కొస నుంచి ఒక పోగు లాగి చూడండి. ఆ ఒక్క పోగు పొడవునా రంగు మారుతూ, గడి దగ్గర ఆగుతూ ఉంటే అవి నేసిన గళ్ళు కావు, అచ్చు వేసినవి. నేసిన గుడ్డ ధర దానికి పెట్టకండి.